షెరీఫ్ కార్యాలయంలో డిస్పాచర్లకూ డిప్యూటీలకూ ఒకే బేరసారాల యూనిట్ ఉండవచ్చా?

రాత్రి షిఫ్టు (ఒహాయో) ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒహాయోలో ఒక చిన్న కౌంటీ షెరీఫ్ కార్యాలయంలో నాలుగేళ్లుగా 911 డిస్పాచర్‌గా, అంటే అత్యవసర ఫోన్లు అందుకొని సిబ్బందిని పంపే ఉద్యోగిగా పని చేస్తున్నాను. కౌంటీ పేరు ఇక్కడ రాయడం లేదు, మన్నించాలి. మా కార్యాలయంలో ఇంతవరకూ యూనియన్ లేదు. రెండు నెలలుగా కొందరు డిప్యూటీలు (షెరీఫ్ కింద పని చేసే పోలీసు అధికారులు) యూనియన్ కోసం సంతకాలు సేకరిస్తున్నారు. వారిలో ఒకరు మా గదికి వచ్చి, డిప్యూటీలు, డిస్పాచర్లు, జైలులో పని చేసే కరెక్షన్స్ ఆఫీసర్లు, రికార్డుల గుమాస్తాలు అందరమూ ఒకే యూనిట్‌గా, అంటే యాజమాన్యంతో కలిసి బేరమాడే ఒకే బృందంగా అర్జీ పెట్టుకుంటే బలంగా ఉంటామని చెప్పి వెళ్లారు. తరువాతి వారమే ఆయన మళ్లీ వచ్చి, అలా కలిపి పెట్టడానికి చట్టం ఒప్పుకోదట, మీరు వేరుగా పెట్టుకోవలసి వస్తుందేమో అన్నారు. ఎందుకు ఒప్పుకోదని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు.

మేము డిస్పాచర్లం పదకొండు మందిమి. డిప్యూటీలు నలభై మందికి పైగా ఉన్నారు. వాళ్లతో కలిసి ఉంటే మా మాటకు విలువ ఉంటుందనీ, విడిగా ఉంటే పదకొండు మంది మాట ఎవరు వింటారనీ మాలో చాలామంది భయం. దీనికి తోడు ఇంకో సంగతి విన్నాము. పోలీసులకు సమ్మె హక్కు లేదు కాబట్టి దానికి బదులుగా బయటి వ్యక్తి ఇచ్చే తుది తీర్పు ఉంటుందట. డిప్యూటీల నుంచి విడిపోతే ఆ తీర్పు దారి మాకు మూసుకుపోతుందా?

మూడో ప్రశ్న నా సొంతానిది. వచ్చే నెల నుంచి నన్ను షిఫ్టు సూపర్‌వైజరుగా చేస్తామంటున్నారు. డిప్యూటీలలో సార్జెంట్లు తమకూ యూనియన్ ఉంటుందని ధీమాగా ఉన్నారు. నేను సూపర్‌వైజరునైతే నాకూ ఉంటుందా?

మా మామయ్య గుంటూరు జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా పని చేసి రిటైరయ్యారు. ఈ సంగతి ఫోనులో చెబితే, "పోలీసు వాళ్లకు యూనియనేమిటమ్మా, ఉద్యోగం చూసుకో" అన్నారు. ఆ మాట కూడా మనసులో మెదులుతూనే ఉంది. ఈ నిర్ణయం ఎవరు చేస్తారో, దేనిని చూసి చేస్తారో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

విశ్రాంత ఉద్యోగి (డేటన్) సమాధానం

అమ్మా, నేను చాలా ఏళ్లు ఒక నగరపాలక సంస్థ సిబ్బంది విభాగంలో పని చేశాను. అంటే బల్లకు అవతలి వైపు, యాజమాన్యం వైపు కూర్చున్నవాణ్ని. ఆ సంగతి దృష్టిలో పెట్టుకొని నేను రాసింది చదవండి.

ముందు ఒక అపోహ తొలగించాలి. అమెరికాలో యూనియన్ల చట్టం అనగానే అందరికీ గుర్తొచ్చేది 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం. రాష్ట్ర ప్రభుత్వాలు, కౌంటీలు, నగరాలు ఆ చట్టం దృష్టిలో యజమానులే కావు. అందువల్ల డిప్యూటీకి గానీ డిస్పాచర్‌కు గానీ ఉన్న హక్కు ఆయా రాష్ట్రం ఇచ్చినదే. ఒహాయోలో అది రెవైజ్డ్ కోడ్ 4117వ అధ్యాయం. 1983లో శాసనసభ దాన్ని ఆమోదించగా 1984లో అమలులోకి వచ్చింది. యూనిట్ ఏదో తేల్చేది స్టేట్ ఎంప్లాయ్‌మెంట్ రిలేషన్స్ బోర్డు. అందరూ దాన్ని సెర్బ్ అంటారు. యూనిట్ విషయంలో బోర్డు చెప్పిందే తుది మాటనీ, దానిపై కోర్టుకు అప్పీలు లేదనీ చట్టంలోనే రాసి ఉంది. కాబట్టి అర్జీలో మొదట గీసే గీత జాగ్రత్తగా గీయాలి. తరువాత కోర్టులో సరిచేసుకోవచ్చులే అనుకోవడానికి వీలు లేదు.

బోర్డు ఏమేమి చూడాలో కూడా చట్టం చెబుతుంది. ఉద్యోగుల కోరిక, వారి ప్రయోజనాలలోని సామ్యం, జీతాలూ పనిగంటలూ ఇతర పని పరిస్థితులూ, యూనిట్లు మరీ ముక్కలు ముక్కలైతే కలిగే ఇబ్బంది, యాజమాన్యం పని సజావుగా సాగడం, కార్యాలయ నిర్మాణం, అంతకుముందు జరిగిన బేరసారాల చరిత్ర. విచారణ దాకా వెళ్తే వీటిని రుజువు చేసేవి చాలా మామూలు కాగితాలు: ఉద్యోగ వివరణ పత్రాలు, షిఫ్టు పట్టికలు, ఎవరి పనితీరును ఎవరు మదింపు చేస్తారన్న రికార్డు, ఒకరి బదులు ఒకరు డ్యూటీ చేసిన సందర్భాలు. ఇంకో మాట. అందరికంటే ఉత్తమమైన యూనిట్ ఏదో బోర్డు వెతకనవసరం లేదు. మరో యూనిట్ కూడా తగినదే అయినా సరే, అర్జీలో అడిగినది తగినదైతే దానిని ఆమోదించవచ్చు. ఈ చిన్న నియమం అర్జీదారుకు పెద్ద వరం.

అయితే ఈ తూకమంతా మొదలయ్యే ముందే చట్టం కొన్ని తలుపులు మూసేసింది, మీ డిప్యూటీ గారు విన్నది వాటి గురించే. పోలీసు శాఖ సభ్యులను అదే శాఖలోని ఇతర ఉద్యోగులతో ఒకే యూనిట్‌లో బోర్డు చేర్చకూడదు. మనది పోలీసు శాఖ కాదు, షెరీఫ్ కార్యాలయం కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడే నిర్వచనం చూడాలి. "పోలీసు శాఖ సభ్యులు" అన్న మాటలో 311.04 సెక్షన్ కింద నియమితులైన పూర్తికాలపు డిప్యూటీ షెరీఫులను కూడా చట్టం చేర్చింది. కాబట్టి డిప్యూటీలు ఒక గట్టున, డిస్పాచర్లు మరో గట్టున. జైలు కరెక్షన్స్ ఆఫీసర్లకు ఇంకో నిషేధం ఉంది: కాపలా సిబ్బందినీ కరెక్షన్స్ ఆఫీసర్లనూ ఇతర ఉద్యోగులతో కలపరాదు. డిప్యూటీలలో కూడా సార్జెంటు, ఆపై హోదాల వారిని కింది హోదాల వారితో కలపరాదు. లెక్క వేస్తే మీ చిన్న కార్యాలయంలోనే నాలుగైదు యూనిట్లు తేలవచ్చు. వినడానికి విచిత్రంగా ఉన్నా, ఒహాయో కౌంటీలలో ఇది మామూలే. అక్కడక్కడా కలగలుపు యూనిట్లు కనిపిస్తే, చట్టం రాకముందే వ్రాతపూర్వక ఒప్పందంతో గుర్తింపు పొంది, ధ్రువీకరణ పొందినట్టే భావించబడిన పాత యూనిట్లేమో చూసుకోవాలి. అవి కొత్త అర్జీకి నమూనా కావు.

ఇక మీ రెండో భయం. దానికి కారణం లేదు. సమ్మె హక్కు లేనివారి జాబితా వేరే సెక్షన్‌లో ఉంది, అది యూనిట్ల గీతలను పట్టించుకోదు. పోలీసు, అగ్నిమాపక సిబ్బంది, డిప్యూటీలతో పాటు షెరీఫ్ కార్యాలయ డిస్పాచర్లు, కరెక్షన్స్ ఆఫీసర్లు ఆ జాబితాలో పేరుపేరునా ఉన్నారు. మీరు విడిగా పదకొండు మందే ఉన్నా, ఒప్పందం కుదరనప్పుడు మొదట ఫ్యాక్ట్ ఫైండర్ (ఇరుపక్షాల వాదన విని సిఫారసులు చేసే తటస్థ వ్యక్తి) నివేదిక వస్తుంది. దాన్ని ఏ పక్షమైనా తన మొత్తం సభ్యులలో అయిదింట మూడు వంతుల ఓటుతో తిరస్కరిస్తే, తరువాత కన్సిలియేటర్ ముందుకు వెళ్తారు. ఆయన ప్రతి అంశంలోనూ ఇరుపక్షాల తుది ప్రతిపాదనలలో ఒకదాన్ని ఎంచుకుంటారు, ఆ తీర్పు తప్పక పాటించవలసినదే. రికార్డుల గుమాస్తాలు మాత్రం ఆ జాబితాలో లేరు. వారి సంగతి వేరు: పది రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలియజేసి సమ్మె చేయవచ్చు. మిమ్మల్ని నిజంగా వేరుచేసేది గుమాస్తాల నుంచే, డిప్యూటీల నుంచి కాదు.

నిజానికి నా అనుభవంలో, విడిగా ఉండటం డిస్పాచర్లకు మేలు చేసిన సందర్భాలే ఎక్కువ. కన్సిలియేటర్ పోల్చి చూసేది అదే తరహా పని చేసే ఇతరుల జీతాలతో. మీ యూనిట్ మీదే అయితే పక్క కౌంటీల డిస్పాచర్లతో పోలుస్తారు. నలభై మంది డిప్యూటీల వెనుక పదకొండు మంది ఉంటే, తూటా నిరోధక వెస్టుల భత్యం గురించీ కోర్టు హాజరు గంటల గురించీ చర్చ ముగిసేసరికి తెల్లవారుతుంది. మీ హెడ్‌సెట్ల గురించీ, భోజన విరామం లేని పన్నెండు గంటల షిఫ్టుల గురించీ మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలదు. ఆ బల్ల దగ్గర నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

మీ మూడో ప్రశ్నకు జవాబు మీకు నచ్చకపోవచ్చు. పోలీసు శాఖ సభ్యులలో చీఫ్‌నూ, చీఫ్ లేనప్పుడు ఆ అధికారాలు చెలాయించడానికి అనుమతి ఉన్నవారినీ తప్ప ఎవరినీ సూపర్‌వైజరుగా పరిగణించకూడదని చట్టం అంటోంది. అందుకే మీ సార్జెంట్లకు ఆ ధీమా. డిస్పాచర్లకు ఆ మినహాయింపు లేదు. మీకు మామూలు కొలబద్దే వర్తిస్తుంది: క్రమశిక్షణ చర్యలు, నియామకాలు, ఫిర్యాదుల పరిష్కారం వంటి వాటిలో సొంత విచక్షణతో నిర్ణయాలు చేసే అధికారం లేదా వాటిని సమర్థంగా సిఫారసు చేసే అధికారం మీకు ఇస్తే, మీరు యూనిట్ బయటే. పేరుకు మాత్రమే సూపర్‌వైజరై, చేసేది షిఫ్టు పట్టిక రాయడమే అయితే సంగతి వేరు. ఒకే గోడకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరిలో సార్జెంటుకు యూనియన్ ఉండి మీకు లేకపోవడం న్యాయమా అంటే, కాదనే నా అభిప్రాయం. చట్టం మాత్రం అలాగే ఉంది.

అయోవా నుంచి

పై సమాధానం ఒహాయో వరకు సరిగ్గానే ఉంది. కానీ "విడిగా ఉండటమే మేలు" అన్న మాటను ఎక్కడైనా వర్తించే సూత్రంగా తీసుకోవద్దని మనవి. మా రాష్ట్రంలో జరిగినది చూస్తే గీత ఎటు గీస్తే ఏమవుతుందో అర్థమవుతుంది.

2017 ఫిబ్రవరిలో అయోవా ప్రభుత్వ ఉద్యోగుల బేరసారాల చట్టాన్ని మార్చింది. అప్పటి నుంచి యూనిట్లు రెండు జాతులయ్యాయి. ఒక యూనిట్‌లో కనీసం 30 శాతం మంది ప్రజా భద్రతా ఉద్యోగులైతే ఆ యూనిట్ మొత్తానికీ విస్తృతమైన పాత హక్కులు చాలావరకు ఉంటాయి. 30 శాతానికి ఒక్కరు తగ్గినా, యాజమాన్యం తప్పనిసరిగా చర్చించవలసినది మూల వేతనం ఒక్కటే. మధ్యవర్తి ఇచ్చే పెంపుకు కూడా పరిమితి ఉంది: 3 శాతం, లేదా ధరల సూచీ పెరుగుదల, రెండింటిలో ఏది తక్కువైతే అది. పైగా ప్రతి ఒప్పందం ముగిసే ముందు యూనియన్‌ను కొనసాగించాలా వద్దా అని ఎన్నిక పెట్టాలి, అందులో ఓటు వేసినవారిలో కాదు, యూనిట్‌లోని మొత్తం సభ్యులలో మెజారిటీ రావాలి. ఓటు వేయకుండా ఇంట్లో కూర్చున్న మనిషి వ్యతిరేకంగా వేసినట్టే లెక్క.

ప్రజా భద్రతా ఉద్యోగి ఎవరన్నది చట్టంలో పేర్లతో రాశారు: షెరీఫ్ డిప్యూటీలు, పోలీసు ఆఫీసర్లు, స్టేట్ పెట్రోల్ (రాష్ట్ర రహదారి పోలీసులు), అగ్నిమాపక సిబ్బంది వంటివారు. జైళ్ల కరెక్షన్స్ ఆఫీసర్లు అందులో లేరు. నా భార్య ఒక కారాగారంలో కరెక్షన్స్ ఆఫీసర్‌గా పని చేస్తోంది. ఖైదీల మధ్య ఆయుధం లేకుండా ఎనిమిది గంటలు తిరిగే ఉద్యోగం ప్రజా భద్రత కాదని చట్టం చెప్పినప్పుడు, ఆమెకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. యూనియన్లు కోర్టుకు వెళ్లాయి. అయోవా సుప్రీంకోర్టు 2019లో 4–3 తేడాతో చట్టాన్ని నిలబెట్టింది.

ఇప్పుడు మీ పదకొండు మందిని మా రాష్ట్రంలో ఊహించుకోండి. నలభై మంది డిప్యూటీలతో కలిస్తే మీ యూనిట్ ఆ 30 శాతాన్ని సునాయాసంగా దాటుతుంది, డిప్యూటీలకు దొరికే రక్షణే మీకూ దొరుకుతుంది. విడిగా ఉంటే మీరు మూల వేతనం ఒక్కటే మాట్లాడుకోవాలి. ఒహాయోలో వేరుగా ఉండటం మేలనిపించిన అదే గీత, ఇక్కడ గోడ అవుతుంది. విస్కాన్సిన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల బేరసారాల హక్కులను కోసిన 2011 నాటి యాక్ట్ 10 సంగతి కూడా ఇటువంటిదే. అక్కడ పోలీసులనూ అగ్నిమాపక సిబ్బందినీ స్టేట్ ట్రూపర్లనూ కోతల నుంచి మినహాయించారు. రాజధాని భవనాన్ని కాపాడే క్యాపిటల్ పోలీసులు, విశ్వవిద్యాలయ పోలీసులు, అటవీ వేట చట్టాలు అమలు చేసే వార్డెన్లు మాత్రం మినహాయింపు బయట మిగిలారు. వీరందరూ బిళ్ల పెట్టుకొని తుపాకీ కట్టుకొనేవారే. ఆ విభజనకు హేతువు కనిపించడం లేదంటూ డేన్ కౌంటీ సర్క్యూట్ కోర్టు 2024 డిసెంబరులో చట్టంలోని చాలా భాగాన్ని కొట్టివేసింది, తరువాత అప్పీలు కారణంగా ఆ తీర్పు అమలు ఆగింది.

మీ రాష్ట్రంలోనూ 2011లో సెనేట్ బిల్ 5 పోలీసులను కూడా వదలకుండా అందరి హక్కులనూ కోసింది. ఆ ఏడాది నవంబరులోనే ప్రజలు ఓటు వేసి దాన్ని రద్దు చేశారు. అక్కడ పోలీసులనూ టీచర్లనూ విడదీయకపోవడమే బిల్లును ఓడించిందని నా అభిప్రాయం. విడదీసిన విస్కాన్సిన్‌లో చట్టం నిలిచింది. యూనిట్ గీత ఈ రోజు ఎవరితో కూర్చోవాలన్నదే కాదు, రేపు చట్టం మారితే మీ పక్కన ఎవరు నిలబడతారన్నది కూడా తేలుస్తుంది. అర్జీ పెట్టేముందు డేటన్ పెద్దాయన ఈ కోణం కూడా చెప్పి ఉంటే బాగుండేది.

విశ్రాంత ఉద్యోగి (డేటన్)

అయోవా మిత్రుని మాట కాదనను. అయితే ఒహాయోలో కలిపి పెట్టుకునే దారి చట్టం ఇవ్వలేదు కాబట్టి ఆ ఎంపిక ఈ అమ్మాయి చేతిలో లేదు. ఆమె చేతిలో ఉన్నది మరొకటి. యూనిట్లు వేరైనా యూనియన్ ఒక్కటే ఉండవచ్చు. డిప్యూటీలకూ డిస్పాచర్లకూ కరెక్షన్స్ ఆఫీసర్లకూ ఒకే సంఘం ప్రాతినిధ్యం వహించవచ్చు. పలు యూనిట్లు ఒకే బల్ల దగ్గర కూర్చొని మాట్లాడుకోవడాన్ని తాను నిషేధించడం లేదని యూనిట్ల గురించిన ఆ సెక్షనే స్పష్టంగా చెప్పింది. యాజమాన్యం ఒప్పుకుంటే ఆర్థిక విషయాలు కలిపి, మిగిలినవి విడిగా మాట్లాడుకోవచ్చు. ఒప్పందాలన్నీ ఒకే తేదీన ముగిసేలా చూసుకుంటే పదకొండు మంది ఒంటరి అనే ప్రసక్తి చాలావరకు పోతుంది.

జెర్సీ సిటీ నివాసి

ఒకే యూనియన్ అన్న సలహా ఒహాయోకు సరే. మా న్యూజెర్సీలో అదీ కుదరదు. స్థిరపడిన ఆనవాయితీ, పూర్వపు ఒప్పందం, ప్రత్యేక పరిస్థితులు ఉంటే తప్ప, పోలీసులు కానివారిని సభ్యులుగా చేర్చుకునే సంఘంలో పోలీసు చేరడానికే వీలు లేదు. ఇది యూనిట్‌పై పెట్టిన ఆంక్ష కాదు, సంఘంపై పెట్టిన ఆంక్ష. రెంటికీ తేడా చాలా ఉంది.

ఈ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే చట్టంలోని మాటలు కొంత అర్థమవుతాయి. 1919 ఆగస్టులో బోస్టన్ పోలీసులు తమ సంఘాన్ని అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌కు అనుబంధంగా చేర్చారు. కమిషనర్ 19 మందిని సస్పెండ్ చేయగా సెప్టెంబరులో 1,544 మందిలో 1,117 మంది విధులు మానేశారు. ఫ్యాక్టరీ కార్మికులతో ఒకే గొడుగు కింద ఉన్న పోలీసు, సమ్మె జరిగే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరి వైపు నిలబడతాడన్నది అప్పటి పాలకుల ప్రశ్న. సమ్మె చేసినవారిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోలేదు. 1947లో టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం ప్రైవేటు రంగంలోని కాపలా సిబ్బందికీ ఇదే తర్కాన్ని వర్తింపజేసింది: యజమాని ఆస్తిని తోటి ఉద్యోగుల నుంచి కాపాడే గార్డును వారితో ఒకే యూనిట్‌లో పెట్టకూడదు. ఒహాయోలో కరెక్షన్స్ ఆఫీసర్ల గురించి డేటన్ గారు చెప్పిన నిషేధంలో ఆ పాత నీడే కనిపిస్తుంది.

కానీ ఆ తర్కం డిస్పాచర్‌కు అతకదని నా వాదన. డిస్పాచర్ ఎవరినీ అరెస్టు చేయరు, ఎవరిమీదా కాపలా ఉండరు. అర్ధరాత్రి డిప్యూటీ ఒంటరిగా కారు దిగుతున్నప్పుడు ఆయనకు ఉన్న ఏకైక తోడు డిస్పాచర్ గొంతే. ప్రయోజనాల సామ్యం అన్న కొలబద్దను నిజాయితీగా వాడితే వీరిద్దరి కంటే దగ్గరివారు ఆ కార్యాలయంలో కనిపించరు. అయినా చట్టం హోదాను చూస్తుంది, రేడియోలోని బంధాన్ని చూడదు.

హోదాల వారీ విభజన ఎంతదూరం పోగలదో చూడాలంటే నది దాటి న్యూయార్క్ నగరం వెళ్లాలి. అక్కడి పోలీసు శాఖలో యూనిఫాం ధరించేవారికే అయిదు సంఘాలు: ఆఫీసర్లకు ఒకటి, డిటెక్టివ్‌లకు ఒకటి, సార్జెంట్లకు, లెఫ్టినెంట్లకు, కెప్టెన్లూ ఆ పైవారికీ ఒక్కొక్కటి. ట్రాఫిక్ ఏజెంట్లు, పాఠశాలల భద్రతా ఏజెంట్లు, 911 ఆపరేటర్లు మళ్లీ వేర్వేరు సంఘాలలో ఉన్నారు. నగరపాలక సంస్థ ముందుగా ఎవరితో ఒప్పందం కుదుర్చుకుంటే ఆ శాతమే మిగతావారికి నమూనా అవుతుంది. చిన్న యూనిట్ తనకు తానుగా తెచ్చుకునేది చాలా తక్కువ. డేటన్ గారి "పోలిక" వాదనకు ఇది మరో పార్శ్వం: మీ కౌంటీలో డిప్యూటీలు ముందుగా 2 శాతానికి సంతకం పెడితే, మీ కన్సిలియేటర్ ముందు యాజమాన్యం చూపే మొదటి కాగితం అదే.

న్యాయవాది (హైదరాబాద్)

ప్రశ్న అడిగిన సోదరి మామయ్య గారి మాట గురించి రెండు వాక్యాలు రాయాలనిపించింది. ఆయన చెప్పింది మన దేశం వరకు సరైనదే. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాలు, పోలీసుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. దాని కింద వచ్చిన 1966 నాటి పోలీసు బలగాల హక్కుల నియంత్రణ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పోలీసు ఏ ట్రేడ్ యూనియన్‌లోనూ చేరకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పోలీసు అధికారుల సంఘాలు ఉన్నాయి గానీ అవి విన్నపాలు సమర్పించే సంఘాలు, ఒప్పందంపై సంతకం చేసే బేరసారాల యూనిట్లు కావు. కాబట్టి ఆయన అనుభవం మీకు వర్తించదు.

మరొక హెచ్చరిక, ఇది పదం గురించి. మన దేశంలో పారిశ్రామిక వివాదాలలో కన్సిలియేషన్ అంటే రాజీ ప్రయత్నం. అధికారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి నచ్చజెబుతారే తప్ప తీర్పు ఇవ్వరు. ఒహాయోలో కన్సిలియేటర్ ఇచ్చేది కట్టుబడవలసిన తీర్పని డేటన్ గారు చెప్పారు. ఇండియా నుంచి వచ్చిన ఎవరైనా ఆ మాట విని "అది సలహాయే కదా" అని సిద్ధం కాకుండా వెళ్తే నష్టపోతారు.

పదాల మీద హక్కులు ఎలా వేలాడతాయో చెప్పడానికి ఫ్లోరిడా ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే బేరసారాల హక్కు ఉంది. అయినా డిప్యూటీ షెరీఫ్ షెరీఫ్ "నియమించిన" వ్యక్తే గానీ "ఉద్యోగి" కాదంటూ అక్కడి సుప్రీంకోర్టు 1978లో డిప్యూటీలను ప్రభుత్వ ఉద్యోగుల చట్టం బయట పెట్టింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కు డిప్యూటీలకూ ఉందని అదే కోర్టు చెప్పడానికి 2003 వచ్చింది. నియామక పత్రంలోని ఒక్క మాటకు ఇరవై అయిదేళ్లు.

రాత్రి షిఫ్టు (ఒహాయో)

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. డిస్పాచర్లందరికీ దీన్ని చదివి వినిపించాను. తెలుగు రానివారికి ఇంగ్లీషులో చెప్పడానికే గంట పట్టింది. తుది తీర్పు దారి మాకూ ఉందని తెలియగానే సగం భయం పోయింది. సూపర్‌వైజరు సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేదు. ఇస్తామంటున్న అధికారాలేమిటో వ్రాతపూర్వకంగా అడుగుదామనుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. మా జైలులో పని చేసేవారిలో సగం మంది కరెక్షన్స్ ఆఫీసర్లు, మిగతా సగం మందిని షెరీఫ్ గారు డిప్యూటీలుగా ప్రమాణం చేయించారు. చేసే పని ఒక్కటే, బిళ్ల వేరు. వారు ఏ యూనిట్‌లోకి వస్తారు?

విశ్రాంత ఉద్యోగి (డేటన్)

ఆ ప్రశ్న మీరు ముందే అడిగి ఉండవలసింది, అసలు చిక్కు అక్కడే వస్తుంది. ప్రమాణం చేసినంత మాత్రాన సరిపోదు. వారి నియామక ఉత్తర్వు 311.04 సెక్షన్‌ను ఉదహరిస్తుందో లేదో, పూర్తికాలపు నియామకమో కాదో చూడాలి. ఉదహరిస్తే, జైలులో పని చేస్తున్నా సరే, వారు నిర్వచనం ప్రకారం పోలీసు శాఖ సభ్యులని డిప్యూటీల యూనియన్ వాదిస్తుంది. చేసే పని కాపలాయే కాబట్టి తోటి కరెక్షన్స్ ఆఫీసర్లతోనే ఉండాలని యాజమాన్యం వాదించవచ్చు. రెండు వాదాలకూ ఆధారం ఆ ఒక్క కాగితమే.

సంతకాలు సేకరిస్తున్నవారికి ఇప్పుడే చెప్పండి. అర్జీ వెంట కనీసం 30 శాతం మంది మద్దతు చూపాలి. ఆ శాతాన్ని అర్జీలో కోరిన యూనిట్‌కే లెక్కిస్తారు. జైలులోని ప్రమాణస్వీకార డిప్యూటీలను తప్పు జాబితాలో కలిపి లెక్కిస్తే, గీత మారిన రోజున ఆ శాతమూ మారుతుంది. జైలు సిబ్బంది నియామక ఉత్తర్వుల నకళ్లు కౌంటీ సిబ్బంది విభాగంలో ఉంటాయి. ప్రభుత్వ రికార్డులుగా అడిగి తీసుకోవచ్చు. ముందు ఆ నకళ్లు తెప్పించుకోండి, సంతకాలు తరువాత.